శాఖలు, గుర్తులు, విలీనాలు: బృందంగా వ్రాసే సాఫ్ట్‌వేర్‌లో కూర్పుల నిర్వహణ

2018 ఫిబ్రవరి నెలలో ఒక తెలుగు అక్షరం దేశదేశాల ఐఫోన్లను కలవరపెట్టింది. 'జ్ఞా' అనే సంయుక్తాక్షరంలో ఒత్తుకూ దీర్ఘానికీ నడుమ 'జీరో విడ్త్ నాన్ జాయినర్' అనే కంటికి కనిపించని సంకేతం చేరి సందేశంగా వస్తే, దానిని తెరపై చూపబోయిన యాప్ ఉన్నపళంగా మూతపడేది. మరల తెరిస్తే అదే సందేశం ఎదురై మరల మూతపడేది. సందేశాల యాప్, వాట్సాప్, సఫారీ వంటివన్నీ ఈ చిక్కుకు లోనైనాయి. ఐప్యాడ్లు, మ్యాక్ కంప్యూటర్లు, ఆపిల్ చేతిగడియారాలు కూడా తప్పించుకోలేదు. దోషం అక్షరానిది కాదు. అక్షరాలను పేర్చి తెరపై చూపే 'కోర్ టెక్స్ట్' అనే భాగానిది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని అక్షరసముదాయాలతో కూడా అదే దోషం బయటపడింది.

అప్పటికి ప్రజల చేతుల్లో ఉన్నది ఐఓఎస్ 11.2.5. దాని తరువాతి పెద్ద కూర్పు 11.3 జనవరి 24 నుండి పరీక్షదశలో ఉన్నది. ఆ పరీక్షాకూర్పును వాడుతున్నవారికి ఈ దోషం కనిపించలేదు. అయితే అనేక కొత్త సదుపాయాలతో కూడిన 11.3 ఇంకా విడుదలకు సిద్ధం కాలేదు. అందువలన ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 అనే చిన్న కూర్పును విడుదల చేసి దోషాన్ని సరిదిద్దింది. మ్యాక్, గడియారం, టీవీ పరికరాలకు కూడా సవరణలు అదే రోజున వెలువడినాయి. పెద్ద కూర్పు 11.3 మార్చి 29న గాని రాలేదు. దానికోసమే వేచి ఉన్నట్లయితే వినియోగదారులు మరి 38 రోజులు ఆ అక్షరానికి భయపడవలసి వచ్చేది.

ముందుకు సాగుతున్న పనిని ఆపకుండా, దానిని సగంలో బయటపెట్టకుండా, ఇప్పటికే ప్రజల చేతిలో ఉన్నదానిని మాత్రమే సరిదిద్దగలగడం ఎట్లా సాధ్యమవుతుంది? ఇందుకు సాఫ్ట్‌వేర్ రంగం ఏర్పరచుకొన్న విధానమే కూర్పుల నిర్వహణ. ఆంగ్లంలో దీనిని 'వర్షన్ కంట్రోల్' అంటారు. ఇది పెద్ద సంస్థలకే పరిమితమైన విద్య కాదు. అరుప్పుకోట్టైలో నలుగురు కలిసి వ్రాసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు కూడా దీని అవసరం అంతే ఉన్నది. శాఖ, గుర్తు, విలీనం అనే మూడు భావనలు దీనికి మూలస్తంభాలు.

కూర్పుల నిర్వహణ అంటే ఏమి?

ఒంటరిగా ప్రోగ్రాము వ్రాసేవారు పాత ప్రతిని పోగొట్టుకొనకూడదని 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది', 'ఫైనల్ రెండు' అని ఫోల్డర్లు పెంచుకుంటూ పోవడం అందరికీ అనుభవమే. ఇద్దరు చేరేసరికి ఈ పద్ధతి చెడిపోతుంది. ఒకరు ఉదయం మార్చిన ఫైలు మీద మరొకరు సాయంత్రం తమ ప్రతిని పెడితే మొదటివారి శ్రమ జాడ లేకుండా పోతుంది.

కూర్పుల నిర్వహణలో మూలరచన అంతా 'రిపాజిటరీ' అనే ఒక భాండాగారంలో ఉంటుంది. ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో చేశారన్నది అందులో నమోదవుతుంది. ఇట్టి ఒక్కొక్క నమోదును 'కమిట్' అంటారు. జమాఖర్చుల చిట్టాలో పాత పద్దును చెరిపివేయక సవరణ పద్దును క్రింద వ్రాసినట్లే, ఇక్కడ కూడా గతం చెరగదు. దాని మీద కొత్తది చేరుతుంది. కావలసినప్పుడు వెనుకటి ఏ స్థితికైనా వెళ్ళి చూడవచ్చును.

సంక్షిప్త చరిత్ర

1972లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ 'ఎస్‌సీసీఎస్' అనే తొలి ప్రసిద్ధ సాధనాన్ని రూపొందించారు. 1980వ దశకం తొలినాళ్ళలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ 'ఆర్‌సీఎస్'ను తీసుకొనివచ్చారు. ఈ సాధనాలలో సాధారణంగా ఒకరు ఫైలును తాళం వేసుకొని మారుస్తుంటే మిగిలినవారు తమ వంతు కోసం ఆగవలసి వచ్చేది. 1986లో డిక్ గ్రూన్ ప్రారంభించిన 'సీవీఎస్' ఈ నిరీక్షణను తొలగించి, అందరూ ఏకకాలంలో పనిచేసి తరువాత కలుపుకొనే మార్గాన్ని చూపింది. సీవీఎస్ లోపాలను సవరించే ఉద్దేశంతో 2000లో కొలాబ్‌నెట్ సంస్థ ప్రారంభించిన 'సబ్‌వర్షన్' 2004లో 1.0 కూర్పుగా వెలువడింది.

లినక్స్ కెర్నెల్ బృందం 2002 నుండి వాడుతున్న 'బిట్‌కీపర్' ఉచిత అనుమతి 2005లో రద్దయింది. అప్పుడు లినస్ టోర్వాల్డ్స్ ఏప్రిల్ నెలలో 'గిట్' రచనకు పూనుకొన్నారు. అదే సంవత్సరం జూలైలో దాని నిర్వహణను జునియో హమానోకు అప్పగించారు. గిట్‌లో ప్రతి సభ్యుని కంప్యూటర్‌లోనూ చరిత్ర అంతా ఉంటుంది. శాఖను సృష్టించడం క్షణంలో పని. నేడు అత్యధికంగా వాడుకలో ఉన్న సాధనం ఇదే.

శాఖ

శాఖ అంటే ఒకే మూలం నుండి విడివడి, తనదైన దారిలో సాగే మార్పుల వరుస. బృందమంతా కలిసి ముందుకు తీసుకుపోయే వరుసను ప్రధాన శాఖ అంటారు. సబ్‌వర్షన్ వాడుకలో దీనికి 'ట్రంక్', అనగా మాను, అని పేరు. ఒక కొత్త పని కోసమో, ఒక దోషాన్ని సవరించడం కోసమో దాని నుండి వేరొక శాఖ చీలుతుంది. ఒక శాఖలోని మార్పులు మరొక శాఖలోనివారికి తగలవు.

ఉదాహరణకు, కోవిల్‌పట్టి ప్రాంతపు అగ్గిపెట్టెల తయారీదారుల కోసం అరుప్పుకోట్టైలో ఒక చిన్న బృందం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వ్రాస్తున్నదనుకోండి. 2020 ఫిబ్రవరిలో ఆ బృందం 3.0 కూర్పును ఖాతాదారులకు ఇచ్చింది. అప్పటి జీఎస్‌టీ నిబంధనల ప్రకారం చేతితో తయారైన అగ్గిపెట్టెలకు 5 శాతం, మిగిలినవాటికి 18 శాతం పన్ను. కూర్పును ఇచ్చిన వెంటనే బృందం ప్రధాన శాఖలో సరకు నిల్వల లెక్కను మొదటి నుండి తిరగవ్రాయడం ప్రారంభించింది. ఆ పని ముగియడానికి జూన్ దాకా పడుతుంది.

ఇంతలో మార్చి 14న జీఎస్‌టీ కౌన్సిల్ 39వ సమావేశం అన్ని అగ్గిపెట్టెలకూ 12 శాతం ఒకే పన్ను అని నిర్ణయించింది. అది ఏప్రిల్ 1 నుండి అమలు. అంటే వ్యవధి మూడు వారాలైనా లేదు. ప్రధాన శాఖను ఉన్నదున్నట్లు ఇస్తే సగం కట్టిన ఇంటికి గృహప్రవేశం చేసినట్లవుతుంది. నిల్వల లెక్క తప్పుతుంది. జూన్ దాకా ఆగితే రెండు నెలలపాటు ఖాతాదారుల బిల్లులన్నీ తప్పుడు పన్నుతో వెలువడతాయి. తరణోపాయం ఒక్కటే: ఖాతాదారులకు ఇచ్చిన 3.0 స్థితి నుండి ఒక శాఖను చీల్చి, అందులో పన్ను లెక్కను మాత్రమే మార్చి, 3.0.1 గా ఇవ్వడం. ఐఓఎస్ 11.2.6 విషయంలో ప్రపంచం చూసిన క్రమం కూడా ఇదే.

ఇక్కడొక హెచ్చరిక అవసరం. మార్చి నెలలోని బిల్లును ఏప్రిల్‌లో మరల అచ్చు తీస్తే అందులో పాత పన్నే రావాలి. కనుక పాత శాతాన్ని చెరిపి కొత్తది వ్రాయడం సవరణ కాదు. ఏ తేదీ నుండి ఏ శాతం అన్న పట్టికను చేర్చడమే సరైన సవరణ. 2025 సెప్టెంబర్ 22న అనేక వస్తువుల జీఎస్‌టీ రేట్లు మరల మారినప్పుడు, ఇట్టి పట్టిక ఉన్నవారికి ఒక వరుస చేర్చడంతో పని తీరిపోయే అవకాశం ఉన్నది.

గుర్తు

పై ఉదాహరణలో 'ఖాతాదారులకు ఇచ్చిన 3.0 స్థితి నుండి' అన్న మాటలోనే అసలు కిటుకు ఉన్నది. ఫిబ్రవరిలో ఇచ్చిన ప్రతి వందలాది కమిట్‌లలో దేనితో తయారైనదో మార్చి నెలలో ఎట్లా తెలుస్తుంది? జ్ఞాపకం మీద ఆధారపడితే ఒకరు ఒక రోజు అంటారు, మరొకరు మరొక రోజు అంటారు. అందుకే విడుదల చేసిన క్షణాన ఆ స్థితికి ఒక శాశ్వతమైన పేరు పెట్టాలి. పెర్‌ఫోర్స్, క్లియర్‌కేస్, విజువల్ సోర్స్‌సేఫ్ వంటి సాధనాలలో దీనిని 'లేబుల్' అనీ, సీవీఎస్, సబ్‌వర్షన్, గిట్‌లలో 'ట్యాగ్' అనీ అంటారు. రెండూ గుర్తులే.

శాఖకూ గుర్తుకూ భేదం స్పష్టం. శాఖ కదులుతుంది, కొత్త కమిట్ చేరినప్పుడల్లా దాని కొస ముందుకు జరుగుతుంది. గుర్తు కదలదు, పెట్టినచోటనే ఉంటుంది. అచ్చుశాలలకు పేరుపొందిన శివకాశి దాపున నివసించేవారికి దీనిని వేరుగా వివరించనక్కరలేదు. ఖాతాదారు చూసి సంతకం చేసిన ప్రూఫు కాగితాన్ని ఎవరూ దిద్దరు. తరువాత ఎన్ని మార్పులు కోరినా అవి కొత్త ప్రూఫు మీదకే ఎక్కుతాయి. వివాదం వస్తే తీసి చూపేది ఆ సంతకం ఉన్న కాగితాన్నే.

సాధనాన్ని బట్టి కొన్ని మెలకువలు ఉన్నాయి. సబ్‌వర్షన్‌లో శాఖ, గుర్తు రెండూ నిజానికి ప్రతులే. వేర్వేరు ఫోల్డర్లలో పెట్టడం వలననే వాటికి ఆ పేర్లు వచ్చాయి. కాబట్టి పొరపాటున గుర్తు లోపల కూడా కమిట్ చేయడం సాధ్యమే. దీనిని నిర్వాహకులు అనుమతుల ద్వారా నిరోధించాలి. గిట్‌లో గుర్తులు రెండు విధాలు. కేవలం పేరు మాత్రమే ఉండే తేలికపాటి గుర్తు ఒకటి. పెట్టినవారి పేరు, తేదీ, వివరణ, అవసరమైతే డిజిటల్ సంతకం కూడా ఇమిడే వివరణాత్మక గుర్తు రెండవది. విడుదలలకు రెండవదే తగినది. మామూలుగా 'పుష్' చేసినప్పుడు గిట్ గుర్తులను పంపదు. వాటిని ప్రత్యేకించి పంపాలి. ఈ సంగతి తెలియక విడుదల గుర్తు ఒక్కరి కంప్యూటర్‌లోనే మిగిలిపోవడం కొత్త బృందాలలో జరుగుతూ ఉంటుంది. ఆ కంప్యూటర్ పాడైతే గుర్తూ పోయినట్లే.

ఒకసారి అందరికీ పంపిన గుర్తును జరపడం మహాదోషం. అప్పటికే దానిని తెచ్చుకొన్నవారి వద్ద పాతదే ఉండిపోతుంది. 3.0 అన్న ఒకే పేరుతో ఇద్దరి వద్ద రెండు వేర్వేరు రచనలు ఉంటాయి. తప్పు కనిపిస్తే 3.0 ను జరపక 3.0.1 ను పెట్టడమే పద్ధతి. అంకెలు ఎన్ని వాడినా ఖర్చు లేదు.

విలీనం

ఒక శాఖలోని మార్పులను మరొక శాఖలోనికి చేర్చడమే విలీనం, అనగా 'మెర్జ్'. సాధనం ముందుగా రెండు శాఖలకూ ఉమ్మడి పూర్వస్థితి ఏదో వెదుకుతుంది. అక్కడి నుండి ఒక వైపు ఏమి మారినదో, రెండవ వైపు ఏమి మారినదో పోల్చుతుంది. ఒకరు మాత్రమే మార్చిన పంక్తులను తానే కలుపుకొంటుంది. ఇద్దరూ ఒకే చోట వేర్వేరుగా మార్చితే నిర్ణయించలేక మనుషులకే వదిలివేస్తుంది. దీనిని 'కాన్‌ఫ్లిక్ట్', అనగా సంఘర్షణ, అంటారు.

సంఘర్షణ అనగానే భయపడేవారు చాలామంది. నిజానికి అది సాధనం చేస్తున్న మేలు; ఇద్దరి ఉద్దేశాలు తలపడిన చోటును అది వేలు పెట్టి చూపుతున్నది. భయపడవలసినది సంఘర్షణ లేకుండా ముగిసి కూడా తప్పుగా ఉన్న విలీనానికి. బిల్లింగ్ బృందంలో ఒకరు ప్రధాన శాఖలో సొమ్మును రూపాయలకు బదులు పైసలలో లెక్కించేట్లు మార్చారనుకోండి. పన్ను సవరణ శాఖలో మరొకరు, ఆ సంగతి తెలియక, వేరొక ఫైలులో రూపాయల లెక్కతో ఒక కొత్త పంక్తిని చేర్చారు. ఇద్దరూ తాకినవి వేర్వేరు చోట్లు. సాధనానికి అభ్యంతరమేమీ కనిపించదు; విలీనం సాఫీగా ముగుస్తుంది. బిల్లులో మాత్రం పన్ను వందవ వంతుకు పడిపోతుంది. సాధనం పోల్చేది పంక్తులను, అర్థాన్ని కాదు. కనుక ప్రతి విలీనం తరువాత సాఫ్ట్‌వేర్‌ను నడిపి పరీక్షించనిదే పని పూర్తయినట్లు కాదు.

శాఖ ఎంతకాలం విడిగా ఉంటే విలీనం అంత కఠినమవుతుంది. రెండు రోజుల శాఖను కలపడం పది నిమిషాల పని కావచ్చు. మూడు నెలల శాఖను కలపడం వారాలు తినవచ్చు. కనుక దీర్ఘకాలం సాగవలసిన శాఖలోనికి ప్రధాన శాఖలోని మార్పులను తరచుగా తెచ్చుకొంటూ ఉండడం శ్రేయస్కరం. ఏ మార్పులు ఇప్పటికే కలిసినాయో గుర్తుంచుకొనే బాధ్యతను సబ్‌వర్షన్ 2008లో వెలువడిన 1.5 కూర్పుతో గాని స్వీకరించలేదు. అంతకుముందు దానిని వాడినవారు ఎంతవరకు కలిపారో తామే వ్రాసి పెట్టుకోవలసి వచ్చేది.

శాఖ మొత్తం అక్కరలేక అందులోని ఒక్క మార్పే కావలసిన సందర్భాలు ఉంటాయి. ప్రధాన శాఖలో ఇదివరకే చేసిన ఒక సవరణను పాత విడుదలకు అందించడం ఇట్టిదే. గిట్‌లో దీనికి 'చెర్రీ పిక్' అని పేరు. ఇది అవసరానికి ఉపకరించేదే గాని, నిత్యకృత్యం చేసుకొంటే ఒకే మార్పు రెండు వేర్వేరు కమిట్‌లుగా చరిత్రలో నిలిచి, ఏది ఎక్కడ చేరినదో పోల్చుకోవడం కష్టమవుతుంది.

మరచిపోయిన తిరుగు విలీనం

అన్ని పొరపాట్లలోనూ ఎక్కువ నష్టం కలిగించేది ఒకటున్నది. ఏప్రిల్ 1 నాటికి 3.0.1 ఖాతాదారులకు అందింది. బిల్లులు సరిగా వస్తున్నాయి. అందరూ ఊపిరి పీల్చుకొని నిల్వల పనికి మరలినారు. పన్ను సవరణను ప్రధాన శాఖలో కలపడం ఎవరికీ గుర్తులేదు. జూన్‌లో ఎంతో ఆశతో 3.1 ఇచ్చారు. అందులో అగ్గిపెట్టెలకు మరల 5 శాతం, 18 శాతం. నయమైన జబ్బు తిరగబెట్టింది. సాంకేతికంగా ఇది ఒక మరపు మాత్రమే. ఖాతాదారునికి మాత్రం ఇది నమ్మకద్రోహంగా కనిపిస్తుంది. ఒకసారి చెప్పి సరిచేయించుకొన్నదానిని మరల ఎందుకు చెప్పాలన్న అతని ప్రశ్నకు జవాబు ఉండదు. తప్పుడు పన్నుతో వెలువడిన బిల్లులకు సవరణ పత్రాలు వ్రాసుకొనే శ్రమ కూడా అతనిదే.

అందుచేత సవరణ శాఖ పని విడుదలతో ముగియదు. ప్రధాన శాఖలో విలీనమైన తరువాతనే ముగుస్తుంది. సవరణను కోరిన కాగితం మీద 'విడుదల', 'తిరుగు విలీనం' అని రెండు గడులు గీసి, రెండూ నిండితే గాని కాగితాన్ని ఫైలులో పెట్టని అలవాటు చేసుకొన్న బృందానికి ఈ ముప్పు చాలవరకు తప్పుతుంది.

చిన్న బృందానికి సరిపడు పద్ధతి

2010లో విన్సెంట్ డ్రీసెన్ ప్రతిపాదించిన 'గిట్ ఫ్లో' అనే శాఖల అమరిక ఎంతో ప్రాచుర్యం పొందింది. అందులో ప్రధాన శాఖ, అభివృద్ధి శాఖ, సదుపాయాల శాఖలు, విడుదల శాఖలు, అత్యవసర సవరణ శాఖలు వేర్వేరుగా ఉంటాయి. అయితే పదేళ్ళ తరువాత, 2020లో, ఆయనే ఎప్పటికప్పుడు మార్పులు అందించే వెబ్ సాఫ్ట్‌వేర్‌కు ఇంతకంటె సరళమైన పద్ధతి మేలని తన వ్యాసానికి ఒక గమనిక జోడించారు. వేర్వేరు ఖాతాదారుల వద్ద వేర్వేరు కూర్పులు నడుస్తుండేచోట మాత్రమే అంత విస్తారమైన అమరికకు ప్రయోజనం ఉన్నది.

నలుగురైదుగురి బృందానికి ఈ క్రింది నియమాలు చాలును.

1. ప్రధాన శాఖ ఎల్లప్పుడూ నడిచే స్థితిలో ఉండాలి. సగం పనిని దానిలో చేర్చరాదు.

2. ఒక పనికి ఒక శాఖ. శాఖ పేరు చూడగానే పని తెలియాలి. మనుషుల పేర్లతో శాఖలు పెట్టరాదు.

3. శాఖను వీలైనంత త్వరగా విలీనం చేయాలి. చేసేముందు మరొకరు చదవాలి. విలీనమైన శాఖ పేరును తొలగించవచ్చును. చరిత్ర ఎక్కడికీ పోదు.

4. ఖాతాదారునికి అందే ప్రతిదానికీ, ఎంత చిన్నదైనా, గుర్తు ఉండాలి. గుర్తు లేనిది గడప దాటరాదు. ఆ గుర్తులోని అంకె సాఫ్ట్‌వేర్ తెర మీద కూడా కనిపించాలి.

5. విడుదలైనదానిలో దోషం వస్తే ఆ విడుదల గుర్తు నుండే శాఖ చీల్చాలి. సవరించి కొత్త గుర్తు పెట్టాలి. ప్రధాన శాఖలో కలపాలి.

6. ఎన్ని పాత కూర్పులకు సవరణలు ఇస్తారో ముందే నిర్ణయించి ఖాతాదారులకు చెప్పాలి. ప్రతి ఖాతాదారుకూ ఒక శాశ్వత శాఖ పెట్టుకొంటే పది మంది ఖాతాదారులకు పది సాఫ్ట్‌వేర్లు పోషించినట్లే. ఖాతాదారుల భేదాలను శాఖలుగా గాక సెట్టింగులుగా ఉంచడం ఉత్తమం.

ఈ ఆరింటిలోనూ సాధనాన్ని బట్టి మారేది ఏదీ లేదు. సీవీఎస్ కాలంలోనూ ఇవే వర్తించినాయి. నేటి గిట్‌కూ వర్తిస్తాయి. గిట్ శాఖలను సులభం చేసింది గాని, గుర్తు పెట్టవలసిన బాధ్యతను గాని, తిరిగి కలపవలసిన బాధ్యతను గాని తనమీద వేసుకోలేదు.

కోవిల్‌పట్టి, శివకాశి, కృష్ణన్‌కోవిల్ ప్రాంతాలలో 1984 నుండి ఇంజనీరింగ్ కళాశాలలు నడుస్తున్నాయి. వాటినుండి వెలువడే యువతీయువకులు ప్రోగ్రాము వ్రాసే నేర్పుతో ఉద్యోగాలలో చేరుతున్నారు. అక్కడ వారికి తొలిదినాలలో ఎదురయ్యేది ఒకరు వ్రాసినదానితో మరొకరు వ్రాసినది కలిపే పనే. కళాశాలలో చేసే చివరి సంవత్సరపు ప్రాజెక్టునే ముగ్గురు మిత్రులు ఒక రిపాజిటరీలో పెట్టి, వేర్వేరు శాఖలలో వ్రాసి, మార్గదర్శక అధ్యాపకునికి చూపిన ప్రతిసారీ ఒక గుర్తు పెట్టుకొంటే ఈ విద్య ఖర్చు లేకుండా పట్టుబడుతుంది. గిట్, సబ్‌వర్షన్ రెండూ ఉచితంగా లభించేవే.

ఒక బృందం పని తీరు ఎట్లా ఉన్నదో తెలుసుకొనడానికి ఒక ప్రశ్న చాలును: 'ఈ రోజున మీ ఖాతాదారుని కంప్యూటర్‌లో నడుస్తున్నది సరిగ్గా ఏ కూర్పు? దానిని ఇప్పుడే మరల తయారుచేసి చూపగలరా?' గుర్తు చూసి వెంటనే జవాబు చెప్పగలిగినవారు, 'జ్ఞా' వంటి అనుకోని అక్షరం రేపు ఎదురైనా, సాగుతున్న పనిని ఆపకుండానే దానిని సరిదిద్దగలరు.